డిస్కు కుదిరేదాకా

మా కర్ణాటక వైపు, బాగేపల్లి నుంచి చింతామణికి పొద్దున పోయే బస్సులో నేను కండక్టర్ని. వెనక తలుపు పక్కన నాకొక సీటుంది కానీ ఎవరో ఒక పెద్దామె అందులో కూర్చునే ఉంటుంది. లేపడానికి మనసు రాక నేను నిలబడే టికెట్లు కొడతాను. ఆ రోజు కూర్చున్నావిడ చేలూరులో దిగిపోయింది. నడుము లాగేస్తూ ఉందని నేను కూలబడ్డాను. చింతామణి దగ్గరపడ్డాక, హైస్కూలు పిల్లలు ఎక్కే స్టాపులో లేచి నిలబడగానే నా వెనక ఒక పిల్ల "అక్కా..." అని ఆగిపోయింది. ఆ పిల్ల నన్ను చూడడం లేదు. సీటును చూస్తోంది.

ఇంకెవరు చూశారో నాకు తెలియదు. టికెట్ మిషను పొట్టకు అదుముకుని, తలుపుకు వీపు ఆనించి నిలబడిపోయాను. ఖాకీ ప్యాంటు మీద మరక నల్లగా కనిపిస్తుందా, ఎర్రగా కనిపిస్తుందా అన్నదొక్కటే నా బుర్రలో తిరుగుతూ ఉంది. కొత్తగా ఎక్కినవాళ్లకు టికెట్లు కొట్టలేదు. ఎవరూ అడగనూ లేదు.

మా డ్రైవరు నాకన్నా చాలా పెద్దవాడు. అన్నా అని పిలుస్తాను. చింతామణి బస్టాండులో అందరూ దిగిపోయాక ఆయన వెనక్కి వచ్చి, భుజం మీది టవలు తీసి నా వైపు చాచాడు. మొహం మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"పోయిరామ్మా. లేటయితే నేను చెప్పుకుంటాలే" అన్నాడు.

టవలు నడుముకు చుట్టుకుని వెళ్లి, బట్టలు మార్చుకుని తిరిగి వచ్చేసరికి సీటు తడిగా, శుభ్రంగా ఉంది. ఆయనే కడిగాడు. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అడగలేదు. ఆ టవలు తిరిగి ఇవ్వడానికి గాని, కొత్తది కొనివ్వడానికి గాని నాకు ధైర్యం చాలలేదు. చాలా రోజులు ఆయన మొహం చూసి "రైట్" అని కూడా గట్టిగా అనలేకపోయాను. విజిల్ ఊదేదాన్ని.

రెండో కాన్పు తర్వాత నాకు ముట్టు ఎక్కువైంది. స్కానింగు తీసి భయపడాల్సిందేమీ లేదన్నారు, మాత్రలిచ్చారు. కొంచెం తగ్గింది గాని, బస్సులో పనికి ఆ కొంచెం సరిపోదు. బాగేపల్లిలో ప్యాడు మారిస్తే మళ్లీ చింతామణిలోనే. నడుమ ఎక్కడా ఆపమని అడగలేను. అడిగితే ఎందుకో చెప్పాలి.

మా డిపోలో గౌరిబిదనూరు దగ్గరి హొసూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూడా కండక్టరే. నాకన్నా చాలా చిన్నది. బస్సులో జరిగింది ఆమెకు ఎలాగో తెలిసింది. ఆడవాళ్ల రెస్టు రూములో అన్నం తింటూ, పక్కన ఎవరూ లేరని చూసుకుని మొదలుపెట్టింది.

"అక్కా, నువ్వు డిస్కు పెట్టుకోవల్ల."

"డిస్కంటే?"

"ఇంత గుండ్రంగా ఉంటాది. అంచు ఉంగరం మాదిరి మందంగా, నడిమధ్యలో పలచగా, సంచి మాదిరి. లోపల పెట్టుకుంటే ముట్టు నెత్తురంతా దాంట్లోనే పడతాది, పొద్దంతా అట్లే నిలుస్తాది. నేను ముందు కప్పు వాడినా, అది నాకు గుంజినట్లుండె. ఇది గుంజదు."

"లోపలంటే యాడ?"

ఆమె పకపకా నవ్వింది. "లోపలక్కా!"

నేను లేచి వెళ్లి తలుపు సరిగ్గా వేసి ఉందో లేదో చూసి వచ్చాను. ఆ రోజుకు ఆ మాటలు చాలన్నాను. కానీ సాయంత్రం ఇంటికి పోయే బస్సులో నేనే ఆమెకు ఫోన్లో మెసేజి పెట్టాను, యాడ దొరుకుతాదని.

డిపోకు తెప్పిస్తే నలుగురి చేతులు మారుతుందని ఇంటికే తెప్పించాను. మా ఇల్లు చాకవేలులో. మా అత్త నాకు మేనత్త కూడా, మా నాయన అక్క. చిన్నప్పటినుంచీ ఆమె ఒడిలో పెరిగినదాన్నే అయినా, ఇలాంటివి ఆమెతో మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు. ముట్టయితే నేను వంటింట్లోకి పోను. వసారాలో వేరే చాప, వేరే గ్లాసు. బస్సులో మాత్రం ఆ రోజుల్లో కూడా ఎంతమందిని రాసుకుంటూ తిరిగినా ఎవరికీ పట్టదు.

పార్సెలు నేను డ్యూటీలో ఉండగా వచ్చింది. ఇంటికి వచ్చేసరికి అత్త కొడవలి మొనతో దాన్ని కోసి, లోపలిది బయటికి తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తోంది.

"ఇదేమ్మే?"

నా నోట్లోంచి ఏదో ఒకటి రావాలి. "మూత... గిన్నెల మీదికి మూతత్తా" అన్నాను.

ఆ సాయంత్రం మేం అన్నాలకు కూర్చున్నాం. నా మొగుడు పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. దాని మీద నా డిస్కు ఉంది. అత్త దాన్ని కడిగి, లాగి, గిన్నె మూతికి చక్కగా బిగించింది.

"ఈ మూత బాగుండాదే, భలే పట్టుకోనుండాది. ఇంకో రెండు తెప్పియ్యి" అన్నాడు ఆయన దాన్ని ఊడదీస్తూ.

అది కొత్తది, ఎవరూ వాడనిది, కడిగినది. అయినా నాకు చెమటలు పోశాయి. పిల్లలు ఆ పెరుగే కలుపుకుని తింటూంటే నేను మాత్రం నీళ్లు తాగి లేచాను. మరునాడు, "దానికి రబ్బరు వాసన ఉండాదత్తా, పెరుగుకు పడతాది" అని చెప్పి తీసేసి బట్టల బీరువాలో దాచాను. అత్త గేదె దగ్గరికి పోయినప్పుడు ఒక పాత గిన్నెలో దాన్ని మరగబెట్టాను. ఆ గిన్నె మళ్లీ వంటింట్లో పెట్టలేదు.

వాడాల్సిన రోజు వచ్చింది. మా బాత్‌రూము పెరట్లో ఉంది, రేకు తలుపు. లోపల ఏ చప్పుడైనా బయటికి వినిపిస్తుంది. బకెట్టు మీద ఒక కాలు పెట్టి, డిస్కును రెండు వైపులా నొక్కి సన్నగా పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. ఆ దారిలో నా వేలు నేను ఎప్పుడూ పెట్టలేదు. అది ఎటు పోతుందో కూడా నాకు తెలియదు. నిటారుగా పైకి పోతుందనుకున్నాను. పైకి తోసేకొద్దీ నొప్పి, చేతిలోంచి జారి టప్పున విప్పుకోవడం. ఒకసారి ఎగిరి గోడకు తగిలింది. నన్ను ఎవరో చూస్తున్నట్టు తలుపు వైపు చూసుకున్నాను. నా ఒంటిని నేను ముట్టుకోవడానికి అంత దొంగతనంగా ఎందుకు నిలబడాలో అప్పుడు ఆలోచించలేదు. నేను చేయకూడని పనేదో చేస్తున్నానన్న భయం ఒక్కటే ఉంది.

చివరికి ఎలాగో పెట్టుకుని డ్యూటీకి పోయాను. మంచిదే అయింది, ప్యాడు కూడా పెట్టుకున్నాను. చేలూరు చేరేసరికే కారిపోయింది.

చింతామణి బస్టాండులో టీ అంగడి వెనక నిలబడి హొసూరు అమ్మాయికి ఫోను చేశాను.

"పైకి కాదక్కా. వెనక్కి" అంది.

"వెనక్కా? పైకి కాదా?" అన్నాను గట్టిగా.

టీ పోస్తున్నాయన తల బయటికి పెట్టి, "యా బండి మేడమ్ వెనక్కి పోయేది?" అని అడిగాడు.

నేను ఇంకొంచెం దూరం నడిచాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. "వీపు కింద, కొసన ఎముక ఉంటాది చూడు. దాని దిక్కుకు తొయ్యల్ల. పోయినంత దూరం పోనిచ్చి, అప్పుడు ముందరి అంచును వేలితో పైకెత్తి ముందరెముక వెనకాల ఎక్కించల్ల. అక్కడ ఎక్కితే జారదు. సరిగ్గా ఎక్కితే నీకే తెలుస్తాది, ఏమీ పెట్టుకోనట్లుంటాది. ఒళ్లు బిగబెట్టద్దు. నువ్వు బిగబెట్టుకుంటాండావు."

"నీకెట్ల తెలుసు?"

"నీ గొంతు చెప్తాంది."

ఆ తర్వాత అది ఎముక వెనక ఎక్కింది గాని, ఊరికే ఒత్తుకునేది. ఒంటికి పోవడానికి కూడా కష్టమయ్యేది. బస్సు గతుకులో పడితే లోపల ఎవరో వేలు పెట్టి పొడిచినట్టుండేది. మళ్లీ ఆమెనే అడిగాను. అడిగిన ప్రతిసారీ నా చెవులు వేడెక్కేవి.

"నీకు పెద్దది పడినట్లుంది. గర్భసంచి మూతి కిందికుంటే చిన్నది పట్టల్ల. వేలు పెట్టి చూడు, ముక్కు కొస మాదిరి గట్టిగా తగులుతాది. ఎంత లోపల తగిలిందో చెప్పు."

ఇద్దరు బిడ్డల్ని కన్నదాన్ని కదా అని నేనే పెద్దది తెప్పించుకున్నాను. వేలు పూర్తిగా కూడా పోనక్కర్లేకుండానే ఆ ముక్కు కొస తగిలింది. ఇన్నేళ్లు నా లోపల ఉన్నది, ఆ రోజు మొదటిసారి తెలిసింది. ఆ సంతోషం ఎవరికి చెప్పుకుంటాం? చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, చిన్నది తెప్పించుకున్నాను. ఈసారి పార్సెలు హొసూరు అమ్మాయి పేరు మీద వచ్చింది.

చిన్నది పెట్టుకున్న రోజు నేను నా సీటులో కూర్చున్నాను. స్పీడు బ్రేకర్ల మీద బస్సు ఎగిరినా ఏమీ పొడవలేదు. మధ్యలో ఒంటికి పోయినప్పుడు ముందరి అంచు కొంచెం కిందికి దిగింది, మళ్లీ వేలితో ఎక్కించాను, సరిపోయింది. చింతామణిలో టీ తాగుతూ నేను ముట్టులో ఉన్న సంగతే మరిచిపోయాను. డ్రైవరన్నతో చాలా రోజుల తర్వాత మొహం చూసి మాట్లాడాను. ఆయన కూతురి పెళ్లి సంబంధం గురించి చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో దాన్ని తీయబోతే అందలేదు.

అంచు వేలికి తగులుతుంది, జారిపోతుంది. ఇంకా లోపలికి పోతున్నట్టనిపించింది. ఆస్పత్రికి పోవాల్సి వస్తుంది, నర్సు అడుగుతుంది, పక్కన ఉన్నవాళ్లంతా వింటారు, కండక్టరమ్మ లోపల ఏదో ఇరుక్కుందట అని బస్సంతా చెప్పుకుంటుంది. అంతదాకా పోయింది నా ఆలోచన. ఏడుపొచ్చేసింది.

"ఏమ్మే, ఇంతసేపు ఏం చేస్తాండావు? పడినావా?" తలుపు అవతల అత్త.

"లేదత్తా."

"మరి ఏడుస్తాండావే?"

ఇంక దాచలేకపోయాను. "ఇరుక్కున్యాది."

"ఏమి ఇరుక్కున్యాది?"

"లోపల. ముట్టుకు పెట్టుకునేది. రావడం ల్యా."

వెళ్లిపోయిందనుకున్నాను. తర్వాత తలుపుకు మరీ దగ్గరగా, చిన్న గొంతుతో అంది.

"గొంతుక్కూర్చో. గోడ పట్టుకో. కాన్పు నాడు ముక్కినట్ల ముక్కు. ఊపిరి బిగబట్టద్దు, వదులుకుంటా ముక్కు."

ముక్కాను. అంచు కిందికి వచ్చింది. వేలు దాని కిందకు దూర్చి కొక్కెంలా పట్టి లాగాను. ఒలకకుండా సమంగా పట్టుకోవాలని హొసూరు అమ్మాయి చెప్పింది గాని ఆ తొందరలో అదెవరికి గుర్తు? చేయంతా, కాళ్లంతా నెత్తురే. కడుక్కుని, డిస్కు చేతిలోనే పట్టుకుని తలుపు తీశాను. అత్త అక్కడే నిలబడి ఉంది. నా మొహం చూసింది, తర్వాత నా చెయ్యి చూసింది.

"ఇది ఆ పెరుగు మూత కాదూ?"

"కాదత్తా. అది పెద్దది. ఇది వేరే."

"అది కూడా ఇదే కదా?"

"అప్పుడది కొత్తదత్తా, వాడింది కాదు" అన్నాను. ఆమె అప్పటికే వంటింట్లోకి పోయింది. ఆ రోజు పెరుగును కుడితిలో పారబోసింది. గిన్నెను చింతపండుతో తోమి, బూడిదతో తోమి, పసుపు నీళ్లు చల్లి ఎండలో పెట్టాలని గోడ మీద బోర్లించింది. ఆ రోజు నుంచి నాతో పని ఉన్నంత వరకే మాట్లాడింది. నేను తల వంచుకుని తిరిగాను. నా మొగుడు ఏమైందని అడిగితే అత్తా కోడళ్లం ఇద్దరం ఏమీ లేదన్నాం.

ఒక సెలవు రోజు వసారాలో చెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. ఇంట్లో ఇంకెవరూ లేరు. అత్త చేతిలో పని ఆపకుండా, చెనక్కాయలకేసి చూస్తూ అడిగింది.

"అది పెట్టుకుంటే... జారేది నిలుస్తాదా?"

"ఏం జారేది?"

"గర్భసంచి."

నేను ఒలవడం ఆపేశాను.

"నీ ఆడబిడ్డ పుట్టినాంక ఒళ్లు ఆరకుండానే కట్టెల మోపు ఎత్తినా. అప్పటినుంచి దిగుతాండాది. ముందు కొంచెమే ఉండె. ఇప్పుడు నిలబడితే బయటికే వస్తాది, కోడిగుడ్డంత. బట్ట మడిచి కట్టుకుంటాండా."

"ఇన్నేండ్లా? ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పేది? మీ మామకా, నీ మొగునికా?"

ఆమె కూర్చున్న చోటు నుంచి గోడ పట్టుకుని మెల్లగా లేచేది. మోకాళ్ల నొప్పులనుకుని నేను తైలం తెచ్చి ఇచ్చేదాన్ని. ఆమె తీసుకుని రాసుకునేది కూడా. బస్సెక్కమంటే వద్దనేది. పెళ్లిళ్లకు రానంటే పంతమనుకున్నాం. ఒకే పెరడు, ఒకే బాత్‌రూము. ఆరేసిన మడత బట్టలు ఎన్నిసార్లో నేనే తీసి లోపల పెట్టాను. అది తలుచుకుంటే నా మీద నాకే సిగ్గేసింది, బస్సులో ఆ రోజు వేసినదానికన్నా ఎక్కువగా.

"ఇది దానికి కాదనుకుంటానత్తా. డాక్టరమ్మను అడుగుదాం."

"చింతామణికి నేను రాను. అక్కడ అందరికీ నువ్వు తెలుసు."

అందుకని చిక్కబళ్లాపురానికి పోయాం. ఇంట్లో కండ్ల ఆస్పత్రికి అని చెప్పాం. నేను డ్యూటీకి సెలవు పెట్టాను. దారంతా అత్త సీటు అంచున, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. ఇప్పుడు ఎందుకో తెలుసు గనక చూడలేకపోయాను.

డాక్టరమ్మ కన్నడావిడ. మా అత్తకు కన్నడం బాగా వచ్చు, సంతలో బేరాలన్నీ కన్నడంలోనే ఆడుతుంది. అక్కడ మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. నా చెవిలో తెలుగులో చెబితే నేను కన్నడంలో చెప్పాను. బల్ల మీద పడుకోమనగానే కొంగు తీసి మొహం మొత్తం కప్పేసుకుంది.

"నాచికె యాకమ్మా?" అంది డాక్టరమ్మ. సిగ్గెందుకని. అత్త చెయ్యి నా మణికట్టును గట్టిగా పట్టుకుంది.

ఆపరేషను ఉంది, వద్దంటే గర్భసంచి దిగకుండా లోపల పెట్టుకునే రింగు ఉంది అన్నారు. అత్త రింగు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నా డిస్కులో సంచి తీసేసినట్టే ఉంది, ఇంకొంచెం గట్టిగా. డాక్టరమ్మ ఒకటి పెట్టి, నడవమంది, దగ్గమంది, లెట్రిన్లో గొంతుక్కూర్చుని రమ్మంది. అత్త వెళ్లి వెంటనే తిరిగి వచ్చింది. కొంగులో దాచుకుని రింగు నా చేతిలో పెట్టింది.

"పడిపాయ. నాకు కుదరదులే, పోదాం పా" అంది. ఆమె గడ్డం అదరడం నేను అదే మొదటిసారి చూడడం.

"నాకూ మొదట కుదరలేదత్తా. కొలత మార్చాల్సొచ్చింది" అన్నాను. డాక్టరమ్మ ఎదుటే అన్నాను. నా సంగతి నేను నోరు తెరిచి ఒక మనిషితో మొహం చూసి చెప్పడం కూడా అదే మొదలు.

ఇంకో కొలత తెచ్చారు. మళ్లీ నడిచింది, దగ్గింది, గొంతుక్కూర్చుని వచ్చింది. గుమ్మంలో నిలబడి, కాళ్లు కొంచెం ఎడం పెట్టి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు కాసేపు ఆగింది.

"ఏమీ ఉన్నట్లే ల్యా" అంది.

కొన్ని నెలలకొకసారి వచ్చి తీయించి, కడిగించి, మళ్లీ పెట్టించుకోవాలన్నారు. నెత్తురు కనిపించినా, వాసన వచ్చినా ఆగకుండా రావాలన్నారు. బయటికి వస్తూ నేను నా డిస్కు గురించి కూడా అడిగేశాను. రోజుకు రెండుసార్లయినా తీసి కడుక్కోమని, చేతులు శుభ్రంగా ఉండాలని చెప్పింది. అత్త పక్కనే నిలబడి అంతా వింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన నిండుగా కూర్చుని, చింతామణి దాకా నిద్రపోయింది.

ఇప్పటికీ మా ఇంట్లో ముట్టయితే నేను వసారాలోనే. అది మారలేదు. డిస్కు మరగబెట్టే గిన్నె మాత్రం అత్తే పెరట్లో ఒక గూట్లో పెట్టింది. దాని గురించి మేం మాట్లాడుకోము. ఇది రాస్తున్నానని ఆమెకు చెప్పలేదు, చెప్పే ధైర్యమూ లేదు.

మొన్న మళ్లీ చిక్కబళ్లాపురం పోవాల్సిన సమయం వచ్చింది. పక్కింటామె, అత్త ఈడుదే, మా వసారాలో కూర్చుని ఉంది.

"మళ్లీ కండ్ల ఆస్పత్రికేనా? నన్నూ తీసకపోమ్మా. నాకూ ఈ మధ్య ఏమీ బాగ ల్యా" అంది.

పోవడానికి లేస్తూ ఆమె ఒక చేత్తో గడప పట్టుకుంది. ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ల మీద పొత్తికడుపు కింద అదిమి పట్టుకుంది. అత్త ఆమెను అలాగే చూసింది.

"కండ్లేనా?" అని అడిగింది.

పక్కింటామె తల దించుకుంది. ఆ జవాబు నా ఎదుట చెప్పలేకపోతోందని తెలిసి, నేను నీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోయాను.